తా దూర కంత లేదు, మెడకో రెండో కుక్క

మధ్యతరగతి ఇంట్లో అందరూ ఒప్పుకుని తీసుకునే నిర్ణయాలు అరుదు. ఇవాళ ఏం కూర వండాలో కుదరదు, టీవీలో ఏ చానల్ పెట్టాలో కుదరదు, ఊళ్లో ఉన్న పెద్దాయన్ని ఏ కొడుకు దగ్గర ఉంచాలో పదేళ్లయినా తేలదు. రెండో కుక్కను తెచ్చుకోవాలా వద్దా అన్నది మాత్రం ఒక్క ఆదివారం సాయంత్రం, టీ చల్లారేలోపే తేలిపోతుంది. ఇంటిల్లిపాదీ చెప్పే కారణం కూడా ఒక్కటే: "పాపం, మన బ్రూనోకి తోడెవరూ లేరు కదా!"

తోడు లేకపోవడమన్నది తుపానులాగా, భూకంపంలాగా పాపం బ్రూనో నెత్తిన వచ్చి పడిందన్నట్టు ఉంటుంది ఆ మాట. అసలు కథ వినాలంటే 2020కి వెళ్లాలి. లాక్‌డౌన్ పెట్టారు. మాదాపూర్ ఆఫీసులన్నీ డైనింగ్ టేబుళ్ల మీదికి వచ్చి కూర్చున్నాయి. ఇంటినిండా మనుషులున్నారు, చేతినిండా ఖాళీ ఉంది, ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. లాబ్రడార్ పిల్ల వచ్చింది. దాన్ని ఎవరు ఎత్తుకోవాలని పిల్లలు కొట్టుకున్నారు. దాని పేరిట ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచారు. మొదటి పుట్టినరోజుకు కేకు కోసి, టోపీ పెట్టి, దిష్టి కూడా తీశారు. జూమ్ మీటింగులో అది మొరిగితే అమెరికా మేనేజరు ముచ్చటపడ్డాడు. ఆ ప్రాజెక్టు మొత్తంలో ఆయన మెచ్చుకున్నది అదొక్కదాన్నే.

తర్వాత కంపెనీవాళ్లు కబురు పెట్టారు, ఆఫీసుకు రమ్మన్నారు. అయ్యగారు పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి తిరిగొస్తున్నారు. అమ్మగారిదీ అదే వేళ. అబ్బాయి ఐఐటీ కోచింగులో చేరాడు, అమ్మాయికి స్కూలు, ట్యూషను, డాన్సు క్లాసు. బామ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుంది గానీ ముప్పై కిలోల లాబ్రడార్ గొలుసు లాగి పడేస్తే ఆవిడ లేవదు, కనుక బ్రూనో బాల్కనీలో ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో చివరి ఫొటో పడి రెండేళ్లు దాటింది. కుక్క లావెక్కింది, సోఫా కొరికింది, చెప్పులు నమిలింది, వీధి తలుపు గోకి గోకి రంగు ఊడగొట్టింది. అప్పుడు కుటుంబం మొత్తం కూర్చుని రోగనిర్ణయం చేసింది: దీనికి ఒంటరితనం.

ఈ రోగం గురించి పశువైద్యుడు అడిగేది ఒక్క ప్రశ్న. "రోజుకు ఎంతసేపు నడిపిస్తున్నారండీ?"

"వాచ్‌మన్ తీసుకెళ్తాడు డాక్టరుగారూ."

"అదే, ఎంతసేపు?"

ఇక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే తప్ప జవాబుండదు. వాచ్‌మన్ దాన్ని వీధి మలుపులో కరెంటు స్తంభం దాకా తీసుకెళ్తాడు, పని కానిస్తాడు, తీసుకొస్తాడు. ఆయనకు నీళ్ల మోటారుంది, కార్లు కడగడముంది, ఇంకా మూడు ఫ్లాట్ల కుక్కలున్నాయి. లాబ్రడార్లంటే ఎవరు? కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన చేపలవాళ్ల వెంట మంచులాంటి సముద్రంలో దూకి, వలలనీ జారిపోయిన చేపలనీ లాక్కొచ్చిన కుక్కల వారసులు. ఆ వంశంలో పుట్టినదానికి మనం ఇచ్చిన సముద్రం లిఫ్టుకూ కరెంటు స్తంభానికీ మధ్య ఉన్నంత. పైగా కొన్ని లాబ్రడార్లలో కడుపు నిండినట్టు తెలియనివ్వని జన్యు మార్పు ఒకటి ఉందని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో తేల్చారు. ఎంత పెట్టినా తింటుంది, నడిపించేవాడు లేడు. లావెక్కక సన్నబడుతుందా? ఆ లావును మనవాళ్లు దిగులనుకున్నారు.

ఈ జబ్బుకు మందు చాలా చవక. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, గొలుసు పట్టుకోవడానికి ఒక చెయ్యి. ఆ చెయ్యి ఇంట్లో ఎవరికీ ఖాళీ లేదు, ఫోను పట్టుకుని ఉంది. అందుకని ఆ చేత్తోనే ఫోనులో రెండో కుక్కను వెతుకుతారు.

కుక్కల తీరు తెలిసినవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్న సంగతి ఒకటుంది. యజమాని గడప దాటగానే తలుపు గోకే కుక్క బెంగపెట్టుకునేది తలుపు అవతలికి వెళ్లిన మనిషి మీద. పక్కన ఇంకో కుక్కను కూర్చోబెట్టినంత మాత్రాన ఆ బెంగ తీరుతుందన్న భరోసా లేదు. పైగా కొత్తగా వచ్చింది పాతదాన్ని చూసి విద్యలు నేర్చుకుంటుంది. మొరగడం నేర్చుకుంటుంది, కొరకడం నేర్చుకుంటుంది, తలుపు గోకడమూ నేర్చుకుంటుంది. ఇదివరకు ఆ తలుపు మీద రెండు ముంగాళ్లు పడేవి, ఇకమీదట నాలుగు పడతాయి.

ఇంకో వింత చూడండి. తోడు లేదని బ్రూనో మీద ఇంత జాలి పొంగిన ఇంట్లోనే బామ్మ కూడా ఉంది. పగలంతా అదే ఇల్లు, అవే నాలుగు గోడలు. ఆదివారం సభలో ఆవిడ గొంతు విప్పింది: "ఆ నోరులేనిదానికి తోడు కావాల్సిందేరా, కాదనను. నోరున్నదానికి అక్కర్లేదా?" అబ్బాయి నవ్వాడు, అమ్మాయి నవ్వింది, ఆ ప్రశ్న సభ మినిట్స్‌లోకి ఎక్కలేదు.

సరే, తోడే కావాలి. తోడుకు ఏ కుక్కయితేనేం అంటారేమో, మీకు కుటుంబ ప్రతిష్ఠ సంగతి తెలియదన్నమాట. మొదటిది లాబ్రడార్ అయినప్పుడు రెండోది దానికంటే ఒక మెట్టు పైన ఉండాలి. కోకాపేటలో తోడల్లుడి విల్లాలో హస్కీ ఉంది. కనుక మనకూ హస్కీయే కావాలి. సైబీరియా మంచులో చుక్చీ జనం బండ్లు లాగడానికి పెంచుకున్న జాతి అది. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. 1925లో అలాస్కాలో నోమ్ అనే ఊళ్లో డిఫ్తీరియా ప్రబలితే, మంచు తుపానులో వెయ్యి కిలోమీటర్ల పైన దారి జట్లు మారుతూ మందు చేరవేసినవి బండి లాగే కుక్కలే. అంత ఘనచరిత్ర ఉన్న కుక్కకు మనం ఇవ్వబోయే ఉద్యోగం ఏమిటి? మే నెలలో బయట నలభై డిగ్రీలు కాస్తుంటే ఏసీ గదిలో పలకల మీద పొట్ట ఆన్చి పడుకోవడం, డెలివరీ కుర్రాడు బిర్యానీ తెచ్చినప్పుడు లేచి వాసన చూడటం. ఏసీ ఆపితే దానికి ప్రాణగండం, ఆపకపోతే కరెంటు బిల్లు చూసిన అయ్యగారికి.

హస్కీ దొరక్కపోతే సెయింట్ బెర్నార్డ్. ఆల్ప్స్ కనుమల్లో మఠం సన్యాసులు పెంచిన కుక్క, మన కూకట్‌పల్లి మూడో అంతస్తుకు ఎంతో నప్పుతుంది. అది పెద్దదైపోతుందనుకుంటే పగ్. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెనకాలే తిరిగిన పగ్‌ను చూసి దేశమంతా పగ్ కొనుక్కుంది. ఆ అణగిన ముక్కుతో గాలి ఆడక అది రొప్పుతుంటే "ఎంత ముద్దుగా గురకపెడుతోందో" అని వీడియో తీసింది. సినిమాలో ఏ కుక్క కనిపిస్తే ఆ ఏడాది ఆ కుక్క, ప్రకటనలో ఏది కనిపిస్తే ఆ ఏడాది అది. ఈ లెక్కన రేపు ఎవరైనా ధ్రువపు ఎలుగుబంటితో పళ్లపొడి ప్రకటన తీస్తే మన అపార్ట్‌మెంట్ల గతి ఏమిటో!

ఈ కుటుంబానికి కుక్కల మీద ప్రేమ లేదని ఎవరన్నారు? 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఊళ్ల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమన్నప్పుడు అమ్మాయి వాట్సాప్ డీపీ మార్చింది, అమ్మగారు నాలుగు పేరాల పోస్టు పెట్టారు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించి, కు.ని. ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని ఎక్కడివక్కడ వదలమన్నప్పుడు ఇంట్లో మిఠాయి పంచుకున్నారు. అదే ఉత్తర్వులో ఇంకో మాటుంది. ప్రేమ ఉన్నవాళ్లు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు, తీసుకున్నాక అది మళ్లీ వీధిన పడకుండా చూసుకునే పూచీ వాళ్లదేనని. అక్కడిదాకా ఎవరూ చదవలేదు. ఆ ఇంటి గేటు ముందు మూడేళ్లుగా ఒక నల్లకుక్క పడుకుంటోంది. అయ్యగారి కారు చప్పుడు గుర్తుపట్టి లేచి తోకాడిస్తుంది. బ్రూనోకి దానితో ఎప్పటినుంచో స్నేహం, బాల్కనీ కమ్మీల్లోంచి. తోడు సంబంధం కళ్లెదుటే ఉంది. కానీ దానికి సర్టిఫికెట్ లేదు, రూపాయి పెట్టకుండా వస్తుంది. ఊరికే వచ్చేదాని గురించి తోడల్లుడికి ఏమని చెప్పుకుంటాం?

జాతి కుక్కే కావాలనుకుంటే తెలుగు గడ్డకూ ఒకటుంది, జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల బాతులు కాసేవాళ్ల వెంట తిరిగిన కుక్క. పొట్టి నున్నటి వెంట్రుకలు, మన ఎండకు పుట్టిన ఒళ్లు. మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తుంది. బాతుల మేత పోయి చేపల చెరువులు వచ్చాక దాని ఉద్యోగం ఊడింది. హైదరాబాదులో ఉద్యోగం ఊడిన తెలుగువాడికి మరో కంపెనీ దొరుకుతుంది గానీ, జోనంగికి ఇల్లు దొరకదు. కారణం సైబీరియాలో పుట్టకపోవడం.

ఇక కొనుగోలు. అమ్మాయికి సంబంధం చూసేటప్పుడు మనవాళ్లు అబ్బాయి ఉద్యోగం, జీతం, మేనత్త ఊరు, పెత్తాత గోత్రం దాకా తవ్వుతారు. పదేళ్లపాటు ఇంట్లో ఉండబోయే కుక్కపిల్ల విషయంలో ఫోనులో ఒక ఫొటో, ఒక బేరం, ఒక క్యూఆర్ కోడ్, అంతే. "తల్లి ఎక్కడుంది, ఒకసారి చూపిస్తారా?" అని అడిగిన పాపాన పోరు. అడిగితే ఏం కనబడుతుందో తెలుసుకోవడం ఇష్టం లేదు. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం 2017లోనే నిబంధనలు పెట్టింది. పెంచి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎదకు వచ్చినప్పుడల్లా తల్లికుక్కను ఈనించకూడదు. ఇన్ని నిబంధనలున్న దేశంలో నెల పిల్ల ట్రావెల్స్ బస్సులో చెప్పుల డబ్బా అంత అట్టపెట్టెలో ప్రయాణం చేసి తెల్లవారుజామున లక్డీకాపూల్‌లో దిగుతుంది. తల్లిపాలు మరిచిపోలేదు, మొదటి టీకా పడలేదు. దిగిన మూడో రోజున వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలైతే పార్వో అంటారు. అమ్మినవాడికి ఫోను చేస్తే ఆ నంబరు మోగదు. మోగినా ఆయన దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు: "ఇంకో పిల్లనిస్తాలెండి సార్." కుక్కర్ గాస్కెట్ మార్చిచ్చినంత తేలిక.

బతికి బట్టకట్టిందనుకుందాం. పాత కుక్కకూ కొత్త కుక్కకూ పరిచయం ఎలా చేయాలి? ఇంటికి దూరంగా, ఏ ఒక్కదానిదీ కాని చోట, రెండిటినీ గొలుసులతో పక్కపక్కన నడిపిస్తూ, కొన్నాళ్లపాటు, నెమ్మదిగా చేయాలి. తిండి గిన్నెలు వేరు, పడక వేరు, మొదట్లో షికారు కూడా వేరు. మనవాళ్లకు అంత ఓపికెక్కడిది? ఆ చిన్నదాన్ని తెచ్చి నేరుగా బ్రూనో గిన్నె పక్కన దింపుతారు. ఫోను కెమెరా సిద్ధం. "బ్రూనో, సే హాయ్ టు యువర్ బ్రదర్!" (మన కుక్కలన్నీ ఇంగ్లిష్ మీడియమే. తెలుగు వీధికుక్కలకు, అదీ 'ఛీ, ఫో' వరకే.) బ్రూనోకు అయిదేళ్లు దాటాయి, మోకాళ్ల నొప్పులు, మధ్యాహ్నం కునుకు దాని హక్కు. చెవి పట్టుకు లాగే ఈ పిడుగును ఎవరు రమ్మన్నారో దానికి అర్థం కాదు. మొదట పళ్లు చూపిస్తుంది. మనవాళ్లు నవ్వుతున్నదనుకుని ఫొటో తీస్తారు. తర్వాత గుర్రుమంటుంది. "బ్యాడ్ బాయ్" అని దాన్నే తిడతారు. మూడోసారి కరుస్తుంది. అప్పుడు ఊళ్లో అందరికీ ఫోన్లు చేసి చెబుతారు, బ్రూనోకు అసూయ అని.

రెండూ మగవైతే పెద్దయ్యాక పోట్లాట. ఒకటి మగది, ఒకటి ఆడదయితే వేరే కథ. కు.ని. ఆపరేషన్ చేయించమంటే "అయ్యో, మూగజీవం, దాని సంసార సుఖం మనమెందుకు పాడుచేయాలి" అంటారు అయ్యగారు. కుక్క గర్భం 63 రోజులు. ఆ సంసార సుఖం ఫలితంగా తొమ్మిదో వారంలో ఫ్లాటులో ఏడు పిల్లలు పుడతాయి. మూగజీవాల పట్ల దయగల అయ్యగారు ఆ పొద్దున్నుంచే ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "లవింగ్ హోమ్ కావలెను" అని ప్రకటనలు ఇస్తుంటారు.

ఖర్చు సంగతి ఎత్తితే "ఉన్నదాంట్లోనే సర్దుకుంటాయి" అంటారు. సర్దుకోవడం మనుషులకు తెలిసిన విద్య. కుక్కకు దాని టీకా దానికే, ఏటేటా రేబిస్ సూది దానికే, నట్టల మందు దానికే, పిడుదుల మందు దానికే. ఒకదానికి వేస్తే రెండోదానికి పనిచేయదు. సంక్రాంతికి ఊరెళ్లాలంటే ఇంకో ముచ్చట. రైల్లో కుక్కను వెంట తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం మన పేరిట ఉండాలి, లేదంటే అది గార్డు పెట్టెలో డబ్బాలో వెళ్లాలి. పండక్కి స్లీపర్‌లో వెయిటింగ్ లిస్టే ఖాయం కాని ఇంట్లో కూపే ఎవరు కొంటారు? ఇదివరకు ఒక కుక్కను పక్కింటివాళ్లకు అప్పగించి వెళ్లేవాళ్లు. రెండంటే పక్కింటివాళ్లకూ ఆ వారమే సొంతూరు గుర్తొస్తుంది.

హక్కుల విషయంలో మాత్రం వీళ్లంత చదువుకున్నవాళ్లు ఉండరు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు కంఠతా వచ్చు. అపార్ట్‌మెంట్ సంఘం కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్టులోకి రానివ్వం అనకూడదు. నిజమే, ఒప్పుకోవలసిన మాటే. లిఫ్టులో హక్కుగా దిగిన ఆ కుక్క సెల్లారులో చేసే పని ఎవరు ఎత్తిపోయాలన్న సంగతి వచ్చేసరికి చదువు మరుపుకొస్తుంది. అప్పుడు చట్టం అక్కర్లేదు, వాచ్‌మన్ ఉన్నాడు.

ఇవన్నీ భరించి, ఆర్నెల్లకు రెండు కుక్కలూ పొసగక, సోఫా రెండోసారి చిరిగి, కింది ఫ్లాటువాళ్లు పోలీసులకు ఫోను చేశాక ఆ ఇంట్లో మరో నిర్ణయం జరుగుతుంది. దీనికి సభ కూడా అక్కర్లేదు. చుట్టాలు వచ్చి "ఆ తెల్లకుక్క ఏదండీ?" అంటే సమాధానం ఊరంతా ఒకటే: "ఫామ్‌హౌస్‌కి పంపించేశామండీ. అక్కడ హాయిగా పరిగెత్తుతోంది." శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల, శామీర్‌పేట ఫామ్‌హౌస్‌లు అన్నీ కలిపినా, వాటిల్లో హాయిగా పరిగెడుతున్నాయని చెప్పుకునే కుక్కలకు చోటు చాలదు. అవి నిజానికి ఎక్కడ పరిగెడుతున్నాయో ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన, బొచ్చు జడలు కట్టి, మెడలో తోలు పట్టీతో కనిపించే హస్కీలను చూస్తే తెలుస్తుంది. లాక్‌డౌన్‌లో ముద్దుచేసి ఆఫీసులు తెరవగానే వదిలేసిన కుక్కల కథ దేశంలో ప్రతి నగరమూ చూసింది.

పెంచిన కుక్కను వదిలేయడం నేరం. జంతుహింస నివారణ చట్టంలో ఆ మాట 1960 నుంచీ ఉంది. మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా. ఆనాటి గరిష్ఠ అంకె ఈనాటికీ అదే. హస్కీని పాతికవేల పైన పెట్టి కొన్న మనిషికి, దాన్ని రోడ్డున వదిలేసినందుకు చట్టం వేసే గరిష్ఠ శిక్ష రెండు ఇరానీ చాయ్‌ల ఖరీదు. పార్లమెంటుకు సవరించే తీరిక లేదు, మనకు సిగ్గుపడే తీరిక లేదు.

ధర్మరాజు మహాప్రస్థానంలో స్వర్గద్వారం దాకా వెంట వచ్చిన కుక్కను వదిలి రథం ఎక్కనన్నాడు. ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే కుక్క. అదీ ఆయన కొనుక్కున్నది కాదు, వెంటబడి వచ్చిన దేశవాళీది. దానికి తోడు లేదని ఇంద్రుణ్ణి ఇంకోదాన్ని అడగలేదు. తానే తోడు నడిచాడు.

రెండో కుక్కను తెచ్చుకోవడం పాపమని ఎవరూ అనరు. ఒకదాని తర్వాత ఒకటి చేరదీసి, రెండిటికీ వేళకు తిండీ నడకా మందూ చూసుకునే ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో కుక్కలు ఒకదానికొకటి నిజంగానే తోడు, మనుషులకూ తోడు. అలాంటివాళ్లు ఎంచుకునే పద్ధతి కూడా వేరు. మొదటిది చెప్పిన మాట వినడం నేర్చాక, దాని వయసూ ఒంటి తీరూ చూసి, ఎదిగిన కుక్కను షెల్టర్ నుంచో వీధి నుంచో తెచ్చుకుంటారు. నాలుగు వారాలు ఇంట్లో ఉంచి పొసగుతుందో లేదో చూస్తారు. రెండిటికీ ఆపరేషన్ చేయిస్తారు. ఆ తర్వాతే పేరు పెడతారు. వాళ్ల ఇంట్లో ఆదివారం సభలుండవు. గొలుసు ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ ముందే తెలుసు కాబట్టి.

మిగతావాళ్లకు ఒక పరీక్ష. రూపాయి ఖర్చు లేదు. ఈ రాత్రి పడుకునేముందు వాచ్‌మన్‌కు చెప్పండి, రేపటినుంచి కుక్కను మీరే తీసుకెళ్తామని. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, ఒక నెల. వానొచ్చినా, మీటింగున్నా, క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్ అయినా. ఫోను ఇంట్లో పెట్టి వెళ్లండి. నెల దాటాక కూడా మీకు తీరిక మిగిలి, బ్రూనోకు ఇంకా బెంగ మిగిలి ఉంటే అప్పుడు గేటు తీసి ఆ నల్లకుక్కను లోపలికి పిలవండి.

నెల నిండకముందే గొలుసు మళ్లీ వాచ్‌మన్ చేతికి వెళ్లిందా, సంగతి తేలిపోయినట్టే. ఆ ఇంట్లో కుక్కలకు కొరత లేదు, యజమానికే కొరత. ముందు అది తీర్చుకోండి.